పై వీధి తలుపు

మా చోంగ్‌చింగ్‌లో ఏ భవనాన్నీ ఒక వైపు నుంచి చూసి నమ్మకూడదు. నా కొట్టున్న భవనానికి కింది వీధిలో ఒక పెద్ద తలుపుంది. లిఫ్టెక్కి పదకొండో అంతస్తులో దిగి నడవా వెంట పోతే ఇంకో పెద్ద తలుపు, దాని ముందు ఇంకో వీధి, చెట్లు, బస్సులు, మెట్రో స్టేషను. కొండను ఆనించి కట్టిన భవనం కదా. కింది వీధి జనానికి స్టేషనుకు పోవడానికి మా లిఫ్టే దగ్గర దారి.

నా కొట్టు ఆ నడవాలో, లిఫ్టు పక్కన. గొడుగులు, రబ్బరు చెప్పులు, ఫోను తీగలు, చల్లటి టీ, వేయించిన పొద్దుతిరుగుడు గింజలు. నా కోసమని ఎవరూ రారు. దారిన పోతూ కొంటారు. కింద ఎక్కినప్పుడు లేని వాన పైన దిగేసరికి పట్టుకుంటుంది. ఆ వానే నా వ్యాపారం. అందుకే పై వీధి తలుపుకు కార్డు తాళం బిగించిన రోజు నాకు అన్నం సయించలేదు. కార్డులు భవనంలో వాళ్ళకే. దారి ఆగితే కొట్టు మూసుకోవడమే.

తాళం పెట్టించింది పద్నాలుగో అంతస్తు యాన్ అక్క. భవనం సంఘానికి ఆమె పెద్ద. ఆమె చెప్పేదాంట్లో అబద్ధం లేదు.

“నువ్వే చెప్పు తాన్! కూరల సంచీ పట్టుకుని నేను నిలబడతాను, ఊరంతా నా ముందు ఎక్కి పోతుంది. లిఫ్టు మాది, సుఖం వాళ్ళది. ఆ గింజల పొట్టు చూడు, కోళ్ళఫారం నయం.”

“నిజమే అక్కా.”

“ఆ గింజలు అమ్మేది నువ్వే కదూ?”

“నేనమ్మేది గింజలే అక్కా. పొట్టు ఊరికే వస్తుంది.”

“నీ నోరుంటే పొట్టు కూడా అమ్ముకుంటావులే.”

నేను గొడుగులు సర్దుకోసాగాను. కొనేవాళ్ళతో వాదించి గెలిచినా నష్టమే. పైగా అద్దెకున్నవాణ్ణి, సంఘంలో చెయ్యెత్తే హక్కు లేదు. ప్రస్తుతానికి తాళం పెట్టి చూడ్డానికేనన్నారు. ఉంచాలా తీసేయాలా అన్నది ఆదివారం సాయంత్రం తేల్చుకుంటారు.

ఆ ఆదివారం పొద్దున యాన్ అక్క కొత్త పట్టు కోటు వేసుకుని, జుట్టు చుట్టించుకుని కింది వీధి తలుపు దగ్గరికి దిగింది. కూతురు జింగ్‌వెన్‌ను చేసుకోబోయే అబ్బాయి తల్లిదండ్రులు హెనాన్ నుంచి వస్తున్నారు. మైదానం వాళ్ళు, మా కారం పడదు. ముఖాలు చూసుకోవడం ఇదే మొదలు. ఆ పూట యాన్ అక్క వంటింట్లోంచి మిరప ఘాటు రాలేదంటేనే ఎంత పెద్ద చుట్టాలో భవనమంతటికీ తెలిసిపోయింది. జింగ్‌వెన్, ఆ అబ్బాయి ఇద్దరూ బాతు వేపుడు కోసం ఎక్కడో వరుసలో నిలబడి ఉన్నారు.

సన్నగా జల్లు మొదలైంది. పై వీధి తలుపు అద్దంలోంచి చూద్దును కదా, ఒక పెద్దాయన, ఆయన భార్య, చేతుల్లో జంట జంటగా ఎర్ర పెట్టెలు. టీ పెట్టెలు, సారా పెట్టెలు. ఆయన ఫోనులో అరుస్తున్నాడు.

“తలుపు దగ్గరే ఉన్నామండీ! వీధిలోనే! భవనం పేరు చదివే దిగాం. మీరే కనిపించడం లేదు. తాళం వేసుంది!”

కాసేపటికి ఫోను జేబులో పెట్టేసి భార్య వైపు తిరిగాడు.

“తలుపు దగ్గరే నిలబడ్డానంటుంది. ఇక్కడ పిట్ట కూడా లేదు. లోపల గడియ పెట్టుకుని కబుర్లు చెబుతోంది.”

“ఇష్టం లేకపోతే ఆ మాటే అనొచ్చుగా,” అంది ఆమె. “టాక్సీని పిలవండి. పోదాం.”

నేను లెక్క వేసుకున్నాను. ఊరుకుంటే నన్ను అడిగేవాడు లేడు. తాళమంటే ఏమిటో యాన్ అక్కకు తెలిసొస్తుంది కూడా. కానీ సంబంధం చెడితే ఆమెకు కోపం మిగులుతుంది, కోపంలో ఉన్న మనిషి తాళం తీయదు. సంతోషంగా ఉన్న మనిషితోనే ఏ బేరమైనా. అది అలా ఉంచి, ఆ పెద్దావిడ జుట్టు తడిసిపోతోంది, నా పక్కన గొడుగుల గుట్ట ఉంది. కొట్టువాడికిచ్చిన కార్డు తీసి తలుపు తెరిచాను.

“అమ్మా, ఆగండి! యాన్ అక్క ఇంటికేనా?”

“నువ్వెవరు?” అన్నాడు పెద్దాయన.

“గొడుగులవాణ్ణి. మీ వియ్యపురాలు మీ కోసం కింది వీధిలో తడుస్తోంది.”

“కింది వీధేమిటయ్యా? మేం నిలబడింది వీధి కాదా?”

“ఇది పదకొండో అంతస్తండీ.”

ఆయన కాళ్ళ కింద చూసుకున్నాడు. చెట్టును చూశాడు. ముందు నుంచి పోతున్న బస్సును చూశాడు.

“మరి బస్సు పదకొండో అంతస్తుకు ఎలా ఎక్కిందయ్యా?”

“మా ఊళ్ళో ఎక్కుతాయండీ. రండి, లోపలికి.”

కొట్టు అలాగే వదిలేసి వాళ్ళను లిఫ్టులో కిందికి తీసుకుపోయాను. కింది తలుపు దగ్గర యాన్ అక్క ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది. పట్టు కోటు భుజాలు నల్లబడ్డాయి.

“అయ్యో వదినగారూ! పుట్టినప్పటి నుంచీ ఈ కొండ మీదే ఉన్నాను. రెండు వీధులున్నాయని కొత్తవాళ్ళకు చెప్పాలని తోచనే లేదు.”

“మీరే మమ్మల్ని బయట నిలబెట్టి తాళం వేయించారనుకున్నాం వదినా.”

“తాళం వేయించింది నేనే,” అనేసి యాన్ అక్క నాలుక కరుచుకుంది.

పెద్దాయన పకపకా నవ్వాడు. “అయితే మేం అనుకున్నదాంట్లో తప్పేం లేదన్నమాట!” ఆ నవ్వుతో ఆడవాళ్ళిద్దరూ కూడా నవ్వేశారు. పెట్టెలు చేతులు మారాయి.

సాయంత్రం సంఘం వాళ్ళు నా కొట్టు ముందే పీటలు వేసుకుని కూర్చున్నారు. యాన్ అక్క లేచింది.

“తాళం రాత్రిపూట ఉంటే చాలు. పగలు తలుపు తీసే ఉంచుదాం.”

“నిన్నటిదాకా తాళం తాళమన్నది నువ్వేగా?” అన్నారెవరో.

“నిన్న నాకు వియ్యాలవారు లేరు.”

నవ్వుకుంటూనే చేతులెత్తారు. ఆమె నా వైపు తిరిగింది. “ఏయ్ తాన్, పొట్టు సంగతి మాత్రం నీది. రోజూ లిఫ్టు ఊడ్చే పూచీ నీదే.”

చీపురు బరువు ఒకవైపు, దారిన పోయే కాళ్ళు ఒకవైపు పెట్టి చూసుకున్నాను. వెంటనే ఒప్పుకుంటే ఇంకేదైనా తగిలిస్తారని కాస్త మూలిగి, తలూపాను. మర్నాటి నుంచి గింజలతో పాటు పొట్టు వేసుకోవడానికి ఒక కాగితం పొట్లం ఇస్తున్నాను. ఊడ్చే పని సగం తగ్గింది.

వారం తిరక్కుండా యాన్ అక్క వచ్చింది.

“పెళ్ళికూతురు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు పట్టడానికి ఎర్ర గొడుగు కావాలి. వచ్చే చుట్టాలకు మామూలువి కొన్ని. నాకు చుట్టాల ధర చెప్పు.”

“నేనెప్పుడు చుట్టాన్నయ్యాను అక్కా?”

“తలుపు తీసినప్పుడు.”

నేను కొన్న ధరే చెప్పాను. ఆమె నమ్మలేదు. చుట్టాలం కదా, బేరం మొదలైంది.