లేవని పురుగు నేనే

నేను ఒక నెట్‌వర్క్ కార్డుని. అరచేతిలో ఇమిడే పచ్చటి పలక, వీపున వైరు దూరే చదరపు కంత, దాని పక్కన మినుకుమనే రెండు చిన్న దీపాలు. నా ఒళ్లంతా ఇంతే. కానీ నేను లేకపోతే ఎంత ఖరీదైన కంప్యూటరైనా తలుపులు మూసిన గదిలో తనలో తాను మాట్లాడుకోవలసిందే. ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్నమాట.

ఎక్కడో సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకామె నన్ను పరీక్షించి, పాసైనట్టు చీటీ అంటించి పెట్టెలో పెట్టింది. ఆ రోజు నుంచీ నా మీద నాకు అనుమానమే కలగలేదు. మొదట అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆరేళ్లు చాకిరీ చేశాను. పరీక్షా ఫలితాల రోజున నా చుట్టూ ఎన్ని మొక్కులో! మార్కులొస్తే దేవుడి దయ, పేజీ తెరుచుకోకపోతే మాత్రం నెట్ తప్పు. ఆ సెంటర్ మూతపడ్డాక నన్ను ఊడదీసి, కర్ణాటక సరిహద్దు దగ్గరి ఒక పట్టుగూళ్ల మార్కెట్లో కంప్యూటరుకు బిగించారు.

ఇక్కడి పద్ధతి చెబుతాను. రైతులు గూళ్లు తెస్తారు, తూకం వేసి ఒక్కో రైతువి ఒక్కో లాటుగా పరుస్తారు. దారం తీసే రీలర్లు చేత్తో తడిమి చూసి, ఫోన్లలోనే ధర పాడతారు. పాటంతా నాలోంచే వెళ్లాలి. పన్నెండుకు మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఆ గంట దాటితే ఆ రోజుకు అమ్మకం లేదు.

అయితే ఆ ఆఫీసులో ఒక వింత జబ్బు ఉండేది. ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు నిద్రపోయేది. మళ్లీ మౌస్ కదిపితే తెర వెలిగేది కానీ నెట్ ఉండేది కాదు. అధికారి ఫణిభూషణం గారు వెంటనే ఫోనందుకుని నెట్ లైన్‌మన్‌ను తిట్టేవారు. ఆపరేటర్ నూరున్నీసా వైరు పీకి గుచ్చేది. చివరికి కంప్యూటరును ఆపి మళ్లీ పెట్టేవారు, నెట్ వచ్చేది. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన లైన్‌మన్‌కు టీ, మర్యాద దక్కేవి. లోపల కూర్చుని నేను నవ్వుకునేదాన్ని. లైనుదే తప్పని నేనూ నమ్మాను మరి.

మొన్న శ్రావణంలో మారెక్క అనే రైతు ముప్పై కిలోల గూళ్లు తెచ్చింది. వానలకు దారి తెగి మూడు రోజులు ఆలస్యమైంది. మరునాడు మార్కెట్‌కు సెలవు. ఆ పై రోజుకల్లా లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడుతుంది. తూటు పడిన గూటిలోంచి దారం సాగదు, దాన్ని ఎవరూ కొనరు. అంటే ఇరవై అయిదు రోజుల ఆమె కష్టమంతా ఆ ఒక్క గంట మీదే ఆధారపడి ఉంది.

అందరూ తూకం దగ్గర ఉండగా కంప్యూటరు నిద్రపోయింది. పన్నెండుకు నూరున్నీసా లేపింది. తెర వచ్చింది, నెట్ రాలేదు. సారు ఫోన్ చేశారు. వైరు మార్చారు. వైరు వచ్చే నెట్ డబ్బా మార్చారు. పన్నెండున్నర అయింది. కంప్యూటరును ఆపి పెడదామంటే, ఎక్కించిన లాట్లన్నీ పోతాయి. తూకం చీటీలు మొదటి నుంచి కొట్టాలి, అంతలో ఒంటిగంట దాటిపోతుంది. రీలర్లు ఒక్కొక్కరే బండ్ల తాళాలు తీసుకుంటున్నారు.

కిటికీ దగ్గర నిలబడి అంతా చూస్తున్న మారెక్క ఉండబట్టలేక అడిగింది.

"యామ్మా, ఇది పొద్దన బాగుండె గదా?"

"బాగుండె అక్కా. పడుకోని లేసినాక ఇట్లయితాంది. ఎప్పుడూ ఇంతే" అంది నూరున్నీసా.

"మా పురుగులూ పొర ఇడిసేటప్పుడు జ్వరానికి పడుకుంటాయి గదమ్మా, నాలుగు తూర్లు. లేసేటప్పుడు అన్నీ లేస్తాయి, యాదో ఒగటి లేయదు. అప్పుడు ఆకు మారుస్తామా? లేయని పురుగు యాదని సూస్తాం. మీరు ఇంతసేపట్నుంచి ఆకే మారుస్తాండారు."

"అమ్మా, ఇది కంప్యూటరు. పురుగుల పెంపకం కాదు, నువ్వు బయట కూర్చో" అన్నారు సారు.

నూరున్నీసా మాత్రం చేతిలోని వైరు కింద పెట్టేసింది. తెర మీద పరికరాల జాబితా తెరిచి ఒక్కొక్కటీ చూసింది. కీబోర్డు లేచింది. మౌస్ లేచింది. ప్రింటరూ లేచింది. నా పేరు పక్కన లేవలేదన్న గుర్తు చూసి ఆగింది. నన్ను ఒకసారి ఆపి, మళ్లీ నడిపించింది. పిల్లను భుజం పట్టి కుదిపినట్టుంది నాకు. రెండు దీపాలూ వెలిగాయి. టైము పన్నెండు నలభై.

"వచ్చింది సార్!" అని అరిచింది. తాళాలు మళ్లీ జేబుల్లోకి పోయాయి. ఆ ఇరవై నిమిషాల్లో నేను పనిచేసినట్టు నా జన్మలో ఎప్పుడూ చేయలేదు. ఒక్క పాట పొల్లుపోలేదు. మారెక్క లాటు మంచి ధరకే పోయింది.

పాట అయ్యాక నూరున్నీసా నా సెట్టింగులు తెరిచింది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్నచోట టిక్కు ఉంది. నన్ను పడుకోబెట్టే ఏర్పాటు అది. లేపితే లేవకపోవడం మాత్రం అచ్చంగా నా బద్ధకమే. ఆమె ఆ టిక్కు తీసేసింది. మూడుసార్లు కంప్యూటరును పడుకోబెట్టి, లేపి చూసింది. మూడుసార్లూ నేను హాజరు. "కార్డే అయ్యుంటుందని నేను ముందే అనుకున్నా" అన్నారు సారు. పాపం లైన్‌మన్! అన్నేళ్లూ నాకు పడాల్సిన తిట్లు ఆయన తిన్నాడు. నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా లేవడంలో ఒక్కసారీ తప్పలేదు. ఇకపైనా తప్పను.

మూడింటికి మార్కెట్ ఖాళీ అయింది. పురుగులు రాత్రీ పగలూ ఆకు తినే చివరి వారం నుంచీ మారెక్కకు కంటి మీద కునుకు లేదట. ఖాళీ బుట్టల పక్కన, నేల మీదే ఒరిగి నిద్రపోయింది. ఊడ్చడానికి వచ్చినాయన ఆమెను పిలవబోయాడు.

"లేపద్దు మామా. ఆయక్క బస్సు అయిదింటికి" అంది నూరున్నీసా.

రోజూ మార్కెట్ ఖాళీ కాగానే హాల్లో ఫ్యాన్లన్నీ తనే స్వయంగా ఆపే ఫణిభూషణం గారు, ఆ రోజు మారెక్క తల మీది ఒక్కదాన్ని తిరగనిచ్చి వదిలేశారు.