భాగీరథి పిందెలు

ఆ తేదీ నరహరి హెగ్డేకి బాగా గుర్తు. రెండేళ్ల కిందటి ఏప్రిల్ తొమ్మిది. ఎర్రన్నం, అరటిపువ్వు కూర, ఆఖరున గ్లాసెడు అప్పెహుళి. వాగు ఒడ్డు చెట్టు మామిడి పిందెల్ని ఉడికించి, పిసికి, నీళ్లలా పలచగా కలిపి ఇంగువ పోపు పెట్టింది భార్య భాగీరథి. అది తాగి ఇద్దరూ వసారాలో కునుకు తీశారు. మళ్లీ పిందెలు దిగేనాటికి ఆమె లేదు. ఆ తర్వాతి వానలకు వాగు పొంగి చెట్టునూ తీసుకుపోయింది. ఇక ఆమెది అనదగ్గ రుచి ఏదీ ఈ లోకంలో మిగల్లేదు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. శిరసి దాటాక అడవి అంచున శాల్మల నడిపే భోజనశాలకు హెగ్డే ఉత్త చేతులతో వెళ్లాడు. మందులు చల్లకుండా, ఆ రుతువులో పండిన పంటనే అక్కడ వండుతారు. ఎవరి పంట వంటలోకి వస్తే ఆ రైతు అతిథుల పంక్తిలోనే కూర్చుని తినాలి. పిందెల రోజున హెగ్డే దంపతుల విస్తళ్లు పక్కపక్కనే పడేవి. పోయినేడు ఒక్కటే పడింది. ఈ ఏడు అదీ వద్దని చెప్పడానికే వచ్చాడు.

“రా మావయ్యా, నీ ముక్కు కోసమే చూస్తున్నాం. బెంగళూరు వాళ్లు ఆకలి మీదున్నారు,” అంది శాల్మల.

“చెట్టే పోయింది, ఇంకా ముక్కెందుకే?”

“చెట్టుతో పాటు ముక్కూ కొట్టుకుపోయిందా ఏంటి?”

అతిథులు నవ్వారు. పిందె తొడిమ తుంచి, సొన వాసన చూసి, అది ఏ చెట్టుదో పంక్తిలో హెగ్డే చెప్పాకే పొయ్యి మీదికి ఎక్కించడం ఇక్కడి ఆనవాయితీ.

బుట్ట తెచ్చింది గట్టు మీద ఉండే మాస్తమ్మ. హెగ్డేని చూసి బుట్టను తన వైపుకు లాక్కుంది.

“మా పెరటివేనయ్యా. తొలికాపు. వీటికి వాసనేం చూస్తారులే.”

“ఏం, నాకు జలుబు చేసిందా?”

ఆయన పిందె తుంచాడు. సొన చిమ్మింది. ముందు కర్పూరం, దాని వెనకే తడిసిన రాయి వాసన. అచ్చం వాగు ఒడ్డు చెట్టుదే. కూర్చున్న చోటే కాళ్లకింద వాగు పారింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఒడినిండా పిందెలతో భాగీరథి నీళ్లలోంచి నడిచి వస్తోంది. పంక్తిలో మాటలు ఎక్కడో దూరాన కప్పల అరుపుల్లా వినిపించాయి.

ఆ చెట్టు కొమ్మ ఇల్లు దాటకూడదన్నది హెగ్డే తండ్రి మాట. పిందెల చెట్టున్న ఏ ఇంట్లోనైనా అదే మాట.

మాస్తమ్మ తల వంచుకుంది. “అమ్మగారే ఇచ్చారయ్యా. ‘అంటు కట్టుకో, ఆయనకి మాత్రం చెప్పకు. మామగారి మాట పోయిందని నిద్ర మానేస్తాడు’ అన్నారు. కోపమొస్తే చెప్పండి, బుట్ట ఎత్తుకుపోతాను.”

హెగ్డే పిందెను మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“పోపుల డబ్బాలో చిల్లర కూడా నా దగ్గర దాచలేదనుకున్నాను,” అన్నాడు చివరికి. “చెట్టునే దాచేసిందే!”

శాల్మల కళ్లు తుడుచుకుని, “ఇంతకీ చెట్టు పేరు చెప్పు మావయ్యా,” అంది.

వాళ్లింట్లో దాన్ని కర్పూరం చెట్టు అనేవాళ్లు. ఆయన మాత్రం, “భాగీరథి,” అన్నాడు. పంక్తికి వినపడలేదని మళ్లీ గట్టిగా చెప్పాడు.

పొయ్యి మీదికి పిందెలు వెళ్లాక ఆయన లేచాడు. “ఇది మాస్తమ్మ పంట. విస్తరి ఆవిడకి వెయ్యి.”

“నాకొక్కదానికే వేస్తే ముద్ద దిగుతుందా?” అంది మాస్తమ్మ. “వేరు నాది, కొమ్మ మీది. రెండు విస్తళ్లు వెయ్యమ్మా.”

రెండు వేశారు. పలచటి పులుపు నాలుక మీదుగా గొంతులోకి, అక్కణ్ణుంచి ఆ పాత మధ్యాహ్నంలోకి జారిపోయింది. ఆయన మరో గ్లాసు అడిగాడు.

“వానలు పడనివ్వండి. కొమ్మ తెచ్చి మీ వాగు ఒడ్డునే అంటు కడతాను,” అంది మాస్తమ్మ చేతులు కడుక్కుంటూ.

చీకటి పడే వేళకు హెగ్డే ఇల్లు చేరాడు. జేబులో వేసుకుని తెచ్చిన పిందెను భాగీరథి దిండు పక్కన పెట్టాడు. లోపల ఎవరో కునుకు తీస్తున్నట్టు, గడియ చప్పుడు కాకుండా తలుపు వేశాడు.