అర సెకను ముందు

ఇరవై రెండు మెట్లలో పద్నాలుగో దాని దగ్గర ఆయన ఆగి, కమ్మీ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. చేతిసంచిలో బరువైనదేమీ లేదు. ఒక పాటల పుస్తకం, మందిరం గది తాళంచెవి. రెండూ భార్యవి. ఆవిడ పోయి పదకొండు నెలలైంది. బట్టలు కూతురు తీసుకుపోయింది. కళ్లజోడును మూడు వారాలు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి దాన్నీ ఎవరికో ఇచ్చేశాడు. ఈ రెండూ ప్రార్థన మందిరంలో అప్పజెప్పేస్తే, ఆవిడకు సంబంధించి తాను చేయవలసిన పని ఈ లోకంలో మరేదీ మిగలదు. వేరే లోకం ఉందని ఆయన ఎన్నడూ నమ్మలేదు.

ముప్పై రెండేళ్లు ఒక ప్రయోగశాలలో స్టాప్‌వాచీలు సరిచూసిన మనిషి. ఏది ఎంత ముందు నడుస్తోందో, ఏది ఎంత వెనకబడిందో చెవితోనే పట్టేసేవాడు. అందుకే భార్య ఆయనను 'గడియారంగారూ' అని పిలిచేది. ఆరాధన పదిన్నరకు ముగుస్తుందని పాస్టరుగారు ఫోనులో చెప్పారు కనుక, ఎక్కువ మాటల్లో పడకుండా ఇచ్చేసి పోదామని సరిగ్గా పదిన్నరకే వచ్చాడు. వీళ్లు దేన్నీ వేళకు ముగించరని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఆ సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

లోపల ఆరాధన ఇంకా సాగుతూనే ఉంది. మెడలో కొలత టేపు వేసుకున్న ఒకావిడ గుమ్మంలోనే ఎదురైంది. కింది అంతస్తులో కుట్టుపని చేసే దర్జీ.

"లోపలికి రండి అన్నయ్యగారూ. గుమ్మం దాకా ఫ్యాను గాలి రాదు."

"కూర్చోడానికి రాలేదమ్మా. ఇవి ఇచ్చేసి పోతాను."

"ఇద్దురుగాని. ముందు ఆ మోకాళ్ల మీద దయ చూపండి. మీ ఆయాసం కింద నా కుట్టుమిషనుకి కూడా వినపడి ఉంటుంది."

ఆమె చూపించిన కుర్చీలో, ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఆ ఆదివారం సంఘంలో చనిపోయినవారిని తలచుకునే రోజు. పాస్టరుగారు ఒక్కొక్కరి పేరు చదివితే, ఆ మనిషి గురించి నవ్వు తెప్పించే సంగతి ఒకటి ఎవరైనా లేచి చెప్పాలి. అక్కడి పద్ధతి అది. ప్రార్థన మధ్యలో కునుకుపట్టి "ఎవడ్రా అడ్డం, జరుగు!" అని కేకేసిన బస్సు డ్రైవరును తలచుకుని అందరూ పగలబడి నవ్వారు. తరువాత ఆయన భార్య పేరు వచ్చింది. ఒక్కరూ లేవలేదు. పదకొండు నెలలకే మరిచిపోయారన్నమాట, అనుకున్నాడు. ఆశ్చర్యం కలగలేదు. అలసట మాత్రం ఇంకాస్త పెరిగింది.

"ఆవిడ గురించి చెప్పేదేముంది," అన్నారు పాస్టరుగారు. "పాడేద్దాం."

రెండు చరణాలు సవ్యంగానే నడిచాయి. మూడోది, ప్రభువు తిరిగి లేచాడని, సమాధి మీది రాయి తొలగిపోయిందని చెప్పేది. వాద్యం ఇంకా ఆగకముందే, మందిరమంతా ఒక్క గొంతుతో, అర సెకను ముందు అందుకుంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఆవిడ సరిగ్గా అక్కడే తొందరపడేది. ఆయన బల్ల మీద చెంచాతో కొట్టి చూపించేవాడు. "మళ్లీ ముందొచ్చావు." "రాయి దొర్లిపోయాక కూడా ఆగమంటారేంటండీ, గడియారంగారూ!" ముప్పై ఏళ్లపాటు ఆయన దాన్ని పరికరంలోని లోపంగానే లెక్కగట్టాడు.

పాట అయ్యాక దర్జీ వైపు తిరిగాడు. "ఎందుకమ్మా అక్కడ ముందే అందుకున్నావు?"

"ముందా? పాటే అంత కదండీ!"

"కాదు. అది మా ఆవిడ చేసే తప్పు. తనే నేర్పిందా?"

"నేను ఆవిణ్ణి చూడనే లేదండీ. కింద కొట్టు పెట్టి నాలుగు నెలలే అయింది." ఆమె గొంతు తగ్గించింది. "మా ఆయన పోయాక ఆదివారాలు కూడా మిషను ముందే కూర్చునేదాన్ని. పైన వీళ్ల గోల వింటూ తిట్టుకునేదాన్ని. కానీ ఆ ఒక్క చోట అందరూ ఎగిరి దూకినట్టు అందుకుంటారు చూడండి, అక్కడ నా కాలు దానంతటదే ఆగిపోయేది. సమాధి గురించి పాడుతూ ఇంత సంబరమేంట్రా వీళ్లకి అని ఒకరోజు కడిగేద్దామనే పైకొచ్చా."

"కడిగేశావా?"

"కూర్చున్నా. పోయిన నెల బాప్తిస్మం కూడా తీసుకున్నా."

ఈలోగా పాస్టరుగారు దగ్గరికి వచ్చారు. "ఇరవై ఏళ్లు ఆవిణ్ణి సరిదిద్దబోయామండీ. చివరికి మేమే ఆవిడ దారికొచ్చాం. పోయాక ఒకసారి సరిగ్గా పాడి చూశాం. సగంలోనే అందరం ఆపేశాం."

అలవాటు, అనుకరణ. ఒక గుంపులో తప్పు ఎలా పాకుతుందో ఆయన రెండు ముక్కల్లో వివరించగలడు. ఆ వివరణ సరైనదే. సమాధి ఖాళీ అన్న మాటకు ఆయన దగ్గర ఇప్పటికీ ఆధారం లేదు. కానీ భార్యది ఏమీ మిగల్లేదన్న లెక్క మాత్రం ఈ పూట తప్పింది. లెక్క తప్పితే పరికరాన్ని కాదు, కొలిచినవాణ్ణి ముందు అనుమానించమని ఆయనే కొత్త ఉద్యోగులకు చెప్పేవాడు.

ముగించే ముందు ఆ చరణాన్నే మరోసారి అందుకోబోయారు. ఆయన సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచాడు. మూడో చరణం పక్కన పెన్సిలుతో, ఆవిడ అక్షరాలు: 'ఇక్కడ ఆగాలి.' కింద రెండు గీతలు.

ప్రయత్నించిందన్నమాట. తన కోసం.

ఆయన ఆ మాట ప్రకారమే ఆగి, వాద్యం ముగిశాక, ఆగవలసినంత ఆగి నోరు తెరిచాడు. అందరూ అప్పటికే ముందుకు వెళ్లిపోయారు. చరణం చివర ఆయన బొంగురు గొంతు ఒక్కటే అర సెకను మిగిలిపోయింది. గదంతా నవ్వింది. ఎవరినీ నొప్పించని నవ్వు. కళ్లు తుడుచుకునేటప్పుడు తానూ నవ్వుతున్నట్టు ఆయనకు తెలిసింది.

కుర్చీలు సర్దుతుండగా పుస్తకాన్ని దర్జీ చేతిలో పెట్టాడు. "ఆ పెన్సిలు రాత చెరపకమ్మా."

"చెరపనండీ. మరి తాళంచెవి?"

"ఆదివారం గది ఎవరు తెరుస్తున్నారు?"

"నేనే. నా దగ్గర ఇంకోటుంది. కుర్చీలన్నీ తుడిచేసరికి నడుం పడిపోతోందనుకోండి."

"ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి."

"మీ ఎనిమిదిన్నరా, గడియారం ఎనిమిదిన్నరా?"

ఆమె నవ్వేలోగా తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని, ఆయన మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది.