ఏటి ఒడ్డెంబడి అమ్మీతోటి

జటప్రోలు నుంచి సోమశిల దాకా కృష్ణ ఒడ్డెంబడి నడుచుకుంట పోతనని హిబా అన్ననాడు ఇంట్ల అందరూ నవ్విండ్రు. బస్సెక్కితే పూట కాకముందే చేరే ఊరికి వంకలన్నీ తిరుక్కుంట, చీకటైతే ఇసుకల పండుకుంట పోవుడేందని అబ్బా జాఫర్ అడిగిండు. హిబా మహబూబ్‌నగర్ దవాఖానల ఫిజియోథెరపీ చేస్తది. సముద్రం ఒడ్డున నెలల తరబడి నడిచేటోళ్ల వీడియోలు చూసి చూసి ఆమెకు ఆశ పుట్టింది. సముద్రం దూరమైతేంది, కృష్ణ మన వాకిట్లనే ఉన్నది కదా అనుకున్నది. ఎండలు ముదరకముందే పోదామని టెంటు కొన్నది. తోడొస్తనన్న స్నేహితురాలు స్వర్ణకు మాత్రం ఆఖరికి సెలవు దొరకలేదు.

"ఒక్కదానివెట్ల పోతవు? నేనొస్త" అన్నది అమ్మీ.

అమ్మీ లాడ్లీ బేగం కొల్లాపూర్‌ల ముప్పై ఏండ్ల సంది కుట్టుమిషన్ ముందు కూసున్న మనిషి. బజారుకు పోవాలన్నా ఆటో కావాలంటది. పొద్దుగూకేలోపల కాళ్లు నొస్తున్నయని తిరిగిపోతదని హిబా లోపల్లోపల అనుకున్నది గానీ పైకి అనలేదు.

నడక మొదలైనంక సంగతి తిరగబడ్డది. అమ్మీ మెల్లగ నడిచేది గానీ ఆగేది కాదు. ఎదురైన ప్రతి మనిషినీ పలకరించి, ఏ ఊరు, ఎవరింటోళ్లని అడిగి, ఒకచోట చల్ల, ఇంకోచోట పచ్చి పల్లికాయ సంపాదించింది. ఆగి కూలబడ్డది హిబానే. కొత్త బూట్లు కరిచి మడిమె బొబ్బలెక్కింది. అమ్మీ ఓఢ్నీ అంచు చింపి కట్టుకట్టి, తన చెప్పులు బిడ్డకిచ్చి, బూట్లు తను తొడుక్కున్నది. అవి ఆమెకు సరిగ్గా సరిపోయినయి.

మొదటి రాత్రి అమ్మీ టెంటుల దూరి, "ఇది టెంటా, మెత్తకు తొడిగే గలీబా? ఊపిరాడుత లేదు" అని గొణిగింది. చివరికి తల బయటికి, కాళ్లు లోపలికి పెట్టి పండుకున్నది. ఎన్ని చుక్కలో చూడమని బిడ్డను కూడ బయటికి గుంజింది.

మరునాటి సాయంత్రానికి నీళ్లు వెనక్కిపోయిన జాగాల పచ్చగడ్డి పరుచుకొని కనబడ్డది. అక్కడ గొర్ల మంద దిగి ఉన్నది. కాపరి గుర్వయ్య, ఆయన భార్య సుక్కమ్మ ఏటేటా ఈ దినాలల్ల మందను తోలుకొని ఒడ్డుకొస్తరట. ఆడోళ్లిద్దరే వచ్చిండ్రని తెలిసి సుక్కమ్మ తమ పక్కకే టెంటు వేయించింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టింది. అమ్మీ మూటల ఉన్న ఖజూరు పండ్లు పంచింది.

తెల్లారి నమాజు చేసుకొని అమ్మీ చాయ్ పెడుతుంటే హిబా టెంటు మేకులు పీకి ఇసుక దులపబోయింది. అంతల గాలి కొట్టింది. టెంటు పొట్ట ఉబ్బించుకొని ఎగిరి, గొర్ల మీదికెళ్లి పోయి నీళ్లల్ల పడ్డది. గొర్లు బెదిరి చెదిరినయి. టెంటు తేలుకుంట లోపలికి పోతాంది.

"లోతున్నది బిడ్డా, దిగకు" అని గుర్వయ్య హిబా రెక్క పట్టుకున్నడు. ఆయనకు ఈత రాదు. హిబాకూ రాదు.

లాడ్లీ బేగం చాయ్ గిన్నె దించింది. బూట్లు విప్పి పక్కకు పెట్టింది. ఓఢ్నీ నడుముకు బిగించి నీళ్లల్లకు నడిచింది. మోకాళ్లు, నడుము, ఛాతీ, తర్వాత మనిషి పండుకున్నట్టు ముందుకు వాలింది. రెండు చేతులూ బారలు చాపుకుంట, తొందర లేకుంట, తెలిసిన తొవ్వల పోయినట్టు పోయింది. అమ్మీ టెంటు తాడు పండ్లల్ల కరుచుకొని తిరిగి వచ్చేదాకా హిబా నీళ్ల అంచుకే నిలబడి ఉన్నది.

నీళ్లు కారుకుంట ఒడ్డెక్కిన అమ్మీ ముఖం హిబాకు కొత్తగ కనబడ్డది. పదేండ్ల పిల్ల దొంగతనంగ మామిడికాయ తెంపుకొచ్చినట్టున్నది.

"నీకు ఈతొస్తదా అమ్మీ?"

"ఏటి ఒడ్డు పిల్లను, రాకేమైతది? డ్యాం కట్టి మా ఊరు మునగకముందు పొద్దంత నీళ్లల్లనే ఉంటుంటిమి."

"మరెన్నడూ చెప్పలేదేంది?"

"కొల్లాపూర్‌ల నా మిషన్ కింద నీళ్లున్నయా చెప్పనీకి? ఎవరన్నా అడిగిండ్రా?" అని ఓఢ్నీ పిండుకుంట నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. సుక్కమ్మ కూడ నవ్వింది. హిబాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఆమె కూడ నవ్వింది.

టెంటు ఒకపక్క చినిగింది. ఆనాడు నడవలేదు. అమ్మీ దాన్ని కుట్టి ఎండకేసి, "ఇగ రా" అని బిడ్డను నీళ్లకాడికి పిలిచింది. నడుములోతుల నిలబెట్టి, వీపు కింద అరచెయ్యి పెట్టి పండుకోమన్నది. హిబా కట్టెలెక్క బిగుసుకపోయింది.

"మెడ వదులుగ పెట్టు."

పొద్దంత రోగులకు తను చెప్పే మాటే అది. తను మాత్రం చెయ్యలేకపోతాంది. రెండుసార్లు మునిగి, దగ్గి, అమ్మీ మెడ పట్టుకొని వేలాడింది. మూడోసారి చెవులు మునగనిచ్చింది. లోకమంత చప్పుడు పోయింది. పైన ఆకాశం తప్ప ఏం లేదు. కొంచెంసేపైనంక పక్కకు చూస్తే అమ్మీ రెండు చేతులూ పైకెత్తి చూపిస్తాంది. వీపు కింద ఏ చెయ్యీ లేదు. ఒడ్డుమీద గుర్వయ్య కర్రకు గడ్డం ఆనించి, తనే నేర్పినంత గర్వంగ చూస్తుండు.

సోమశిలకు అనుకున్నదానికంటె ఒక దినం ఆలస్యంగ చేరిండ్రు. మధ్యల ఎక్కడ మంచి ఒడ్డు దొరికితే అక్కడ నీళ్లల్ల దిగిండ్రు మరి. రేవుకాడ గుడిసె హోటల్ల వేడివేడి చేప వేపుడు ముందర పెట్టుకొని కూసున్నంక అమ్మీ పక్కన కూసున్న లాంచీ నడిపే ఆయనను అడిగింది.

"ఇటు కిందికి ఒడ్డెంబడి పోవచ్చా భాయ్?"

"అడివి తగులుతది అమ్మా. నడవనియ్యరు."

"మరి జటప్రోలు నుంచి అటు పైకి?"

"బీచుపల్లి దాకా పోవచ్చు. కష్టమైతది గానీ."

లాడ్లీ బేగం తల ఊపింది. ముల్లు తీసి చేపముక్క బిడ్డ పళ్లెంల వేసి, "స్వర్ణను కూడ అడుగు, ఆ పిల్లకు ఈతొస్తదో లేదో" అన్నది.