కాలివేళ్ళ సందున

నేను ఒక సిద్ధబీజాన్ని. తమలపాకు తీగను మొదలంటా కుళ్ళబెట్టే బూజుకు పుట్టినదాన్ని. మీ కంటికి ఆనను.

కుళ్ళుతున్న ఒక వేరులో రెండు బూజు పోగుల కొసలు తాకాయి. ఒకదాని కేంద్రకం రెండవదానిలోకి చేరి అక్కడి కేంద్రకంతో కలిసిపోయింది. అదే నా పుట్టుక. తర్వాత నాలో చెదిరి ఉన్న సూక్ష్మమైన తిత్తులు కలిసి నడుమ ఒకే పెద్ద బుడగ అయ్యాయి. చుట్టూ కొవ్వు నిల్వ చేరింది. బయటి గోడ పొరలు పొరలుగా దళసరెక్కింది. తీగ చచ్చింది, ఆ గోడ లోపల నేను మిగిలాను. నాకు ఆకలి లేదు, తొందరా లేదు.

తీగలు చచ్చిన ఆ తోటను చూసి, దాని రైతైన తన బంధువును ఓదార్చడానికి మరో ఆకుతోట రైతు శేషగిరి వచ్చాడు. ఆకుతోటలోకి చెప్పులతో వెళ్ళడం అపచారమని ఆ రైతుల నమ్మకం. గట్టు మీద చెప్పులు విడిచి తడి నేలంతా తిరిగాడు. తోబుట్టువులతో పాటు నేను అతని కాలివేళ్ళ సందున చేరాను. అతను తిరిగి వెళ్ళి, తన తోట వాకిట అంతే భక్తితో చెప్పులు విడిచాడు. చెప్పులు బయట ఉన్నాయి. మేము లోపలికి వెళ్ళాం.

వానలు పడ్డాయి. నా తోబుట్టువులు గోడలు పగిలి మొలిచాయి. మొలకల కొసన తిత్తులు ఉబ్బాయి. తిత్తిలోని పదార్థం ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్కకు ఈదడానికి తోకల్లాంటి కశాభాలు రెండేసి మొలిచాయి. అవి తీగల వేళ్ళ జాడ పట్టుకుని నీటిలో ఈదాయి. నేను మాత్రం మొలవలేదు. మాలో కొందరం అలా మిగిలిపోవడం మా జాతి జాగ్రత్త.

తీగలు వాలిపోయాక, వాటిని అవిసె చెట్లకు కట్టే నాంచారమ్మను శేషగిరి వాకిట్లోనే నిలదీశాడు.

“బయటున్న రోజుల్లో తోటలో కాలుపెట్టావంటగా!”

“అయ్యి ఆగిపోయి ఎన్నాళ్ళయిందో పిన్నినడుగు బాబాయ్! ఇద్దరం ఒకేసారి ఒడ్డెక్కాం.”

“అయితే ఏ మైలకూడు తినొచ్చావో! మొదళ్ళు ఊరికే కుళ్తాయా?”

“పోనీ, కుళ్ళినయ్యన్నా పీకనీ బాబాయ్. నాకొచ్చింది ఈ పనొక్కటే.”

“వాకిలి దాటావంటే ఊరుకోను.”

ఆమె తీగలు కట్టడానికి చేతిలో ఉంచుకున్న జమ్ముపోగులు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. చుట్టుపక్కల ఏ తోటలోనూ ఆమెను రానివ్వడం లేదని కూలీలు చెప్పుకోగా విన్నాను. ఆమె వెళ్ళాక కూడా తీగలు చస్తూనే ఉన్నాయి. ఆ సాక్ష్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఉదయం పక్క తోట రైతు శేషగిరిని ఓదార్చడానికి వచ్చాడు. వాకిట చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, తడి మట్టిలోకి దిగాడు. అతని మడమ నా మీద పడింది.

అతని తోటలో తీగలు కట్టే మనిషి ఎవరో నాకింకా తెలియదు.