ఏ చెయ్యో చెప్పలేదు

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. కింద సంతకం చేసే చోటు మాత్రం ఖాళీగా వదిలారు.

జిన్నూర్ ఇష్‌బులాతొవ్ దాన్ని రెండుసార్లు చదివాడు. "విదేశీ పోటీదారుడి మాయమాటలకు లొంగిపోయి, క్లబ్బు ఆస్తి అయిన ఉక్కు తొడుగును అతనికి అప్పగించాను. నా అజాగ్రత్తకు సిగ్గుపడుతున్నాను" అని ఉంది అందులో.

"చక్కగా రాశారు కామ్రేడ్ బురావిన్. కాకపోతే ఇందులో ఉన్నవాడు నేను కాదు, ఇంకెవరో," అన్నాడు.

బురావిన్ మాస్కో నుంచి వచ్చాడు. విదేశాల పోటీలకు ఎవరు వెళ్లాలో, ఎవరు వెళ్లకూడదో చూసే పని అతనిది. ఎప్పుడూ గొంతు పెంచడు. టీ గ్లాసులో చక్కెర కలుపుకుంటూ, "సంతకం చెయ్యి, స్వీడన్ వెళ్లు. చెయ్యకపోతే ఇక్కడే ఉండు. ఇంతకంటే ఏముంది?" అన్నాడు.

"ముందు ఆదివారం పోటీ గెలవాలి కదా."

"గెలిస్తే సరిపోతుందనుకుంటున్నావా?"

జిన్నూర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తిరిగి అతని గ్లాసు పక్కనే పెట్టేసి బయటికొచ్చాడు.

కిందటేడు జరిగిందంతా ఆ తొడుగు వల్లే. ఆ పందెపు మోటారుసైకిలుకు బ్రేకులు ఉండవు. గేరు ఒక్కటే. గుండ్రటి మైదానంలో నల్లటి బొగ్గు బూడిద మీద నలుగురు నాలుగు చుట్లు తిరుగుతారు, ఎప్పుడూ ఎడమవైపుకే. మలుపులో వెనక చక్రం జారుతుంటే ఎడమ కాలు నేల మీద ఈడ్చుకుంటూ పోవాలి. అందుకే ఎడమ బూటు కింద ఉక్కు తొడుగు వేసుకుంటారు. జిన్నూర్ తొడుగును అతని మామగారు చేశాడు. ఆయన సామూహిక వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్ల షెడ్డు కమ్మరి. పాడైపోయిన లారీ బంపరు కోసి, కాల్చి, సాగగొట్టి, అంచులకు చిన్న పూలతీగ కూడా చెక్కాడు. నేలకు రాసుకుపోయే వస్తువుకు పూలతీగ ఎందుకని అడిగితే, "నేలకు మాత్రం కళ్లుండవా?" అన్నాడాయన.

గోథెన్‌బర్గ్‌లో ఒక పొడుగాటి స్వీడన్ పందెగాడు ఆ తొడుగును చేతిలోకి తీసుకున్నాడు. వేలితో పూలతీగ తడిమి ఏదో అన్నాడు. ముఖం చూస్తేనే తెలిసింది మెచ్చుకుంటున్నాడని. అగీదెల్ నది ఒడ్డున జిన్నూర్ పుట్టిన పల్లెలో, నీ వస్తువును ఎవరైనా మనసారా మెచ్చుకుంటే అది ఇక నీది కాదు. గుర్రపు కళ్లెమైనా అంతే, టోపీ అయినా అంతే. జిన్నూర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తొడుగును అతని చేతిలోనే ఉంచి, వేళ్లు మూసేశాడు. ఇంకా ఒక పందెం మిగిలి ఉందన్న సంగతి ఆ తర్వాత గాని గుర్తుకు రాలేదు.

జట్టు మెకానిక్, అందరూ హాబీర్ మామ అని పిలిచే ముసలాయన, ఆ రోజు తల బాదుకున్నాడు. "ఒరేయ్, ఇవ్వకేం, ఇవ్వు! పందెం అయ్యాక ఇవ్వొచ్చు కదరా! ఇప్పుడేం కట్టుకుంటావు కాలికి, నా టోపీయా?"

చివరికి రేకు డబ్బా మూత కోసి తీగతో కట్టుకుని వెళ్లాడు. రెండో చుట్టులోనే మూత ఊడి ఎగిరిపోయింది. బూటు అరిగి, మేజోడు అరిగి, పాదం దాకా వచ్చింది. అయినా మూడోవాడిగా చేరాడు. స్వీడన్ వాడు సిగ్గుపడి తన కళ్లద్దాలు తీసిచ్చాడు. ఆ రెండు వస్తువులూ చేతులు మారడం జట్టుతో వచ్చినవాళ్లలో ఎవరో చూశారు. మాస్కో చేరేసరికి అదొక ఫైలయి కూర్చుంది.

కాగితం సంగతి ఇంట్లో చెప్పినప్పుడు భార్య ఫగీలా పిండి పిసుకుతోంది. చేతులు ఆపకుండానే వింది.

"గుల్షాత్ నాన్నా, నీకిప్పుడు ముప్పై నాలుగు. వచ్చే ఏడు భుజం ఇలాగే ఉంటుందా? ఒక్క సంతకమే కదా. దానిదేముంది, చెయ్యి," అంది.

"చేస్తాలే."

ఆమె తల ఎత్తి చూసింది. "చేస్తావా?"

"నువ్వే కదా చెయ్యమన్నావు."

"ఏం రాశారందులో? చెప్పు, అంతా చెప్పు."

జిన్నూర్ గుర్తున్నంతవరకు అప్పజెప్పాడు. మాయమాటలు అన్నచోట ఆమె చేతులు ఆగాయి.

"ఆ మనిషి మా నాన్న పని చూసి మురిశాడా, లేదా?"

"మురిశాడు."

"నిజంగానే?"

"కళ్లు మెరిశాయి ఫగీలా."

"మరి మాయ ఎక్కడుంది అందులో?" ఆమె పిండిని బల్లమీద ధబీమని కొట్టింది. "క్లబ్బు ఆస్తా అది? క్లబ్బు వచ్చి కొలిమి ఊదిందా? సంతకం చేసి ఈ గడప తొక్కావంటే చూడు మరి!"

"ఇప్పుడే కదా చెయ్యమన్నావు."

"అప్పుడు నాకు చదివి వినిపించలేదుగా!"

ఆదివారం పొద్దున్నుంచే ఊఫా జనమంతా స్టేడియం వైపు నడిచింది. టికెట్లు దొరకనివాళ్లు చుట్టూ ఉన్న ఇళ్ల కప్పులు ఎక్కారు. ఇంజన్లలో పోసిన ఆముదం కాలుతున్న వాసన వీధి చివరిదాకా వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, ముసలివాళ్లు కూడా అడుగు వేగం పెంచుతారు.

ఆ పోటీలో మొదటి ఇద్దరు స్వీడన్ వెళతారు. చివరి పందెం దగ్గరికొచ్చేసరికి, రీగా నుంచి వచ్చిన పందెగాడికి మొదటి స్థానం ఖాయమైపోయింది. మిగిలింది రెండోది. దానికి జిన్నూర్, అతని జట్టువాడే అయిన ల్యోన్యా కొసారెవ్ సమానమైన పాయింట్లతో నిలబడ్డారు. ఆఖరి పందెంలో ఇద్దరూ ఉన్నారు. ఎవరు ముందు చేరితే వాళ్లే వెళతారు.

కోచ్ సవేలిచ్ భుజాన తెల్ల తువ్వాలు వేసుకుని వచ్చాడు. జిన్నూర్ కళ్లలోకి చూడకుండా బండి ట్యాంకునే చూస్తూ మాట్లాడాడు.

"మూడో చుట్టులో ల్యోన్యాకు దారివ్వాలట. లోపలివైపు కాస్త వదిలితే చాలట. గుర్తు చెయ్యడానికి నన్ను తువ్వాలు ఊపమన్నారు."

"ఎవరు చెప్పారు సవేలిచ్? నువ్వా, ఆ బురావినా?"

"నేనెందుకు చెబుతాను? పదేళ్లుగా నీకు నేను చెబుతున్నది వదలొద్దనే కదా."

"అయితే ఇప్పుడు నువ్వేం చెబుతున్నావు?"

సవేలిచ్ ముఖం ఎర్రబడింది. "నాకు ఇల్లూ పిల్లలూ ఉన్నారు జిన్నూర్. చెప్పమన్నది చెప్పాను." ఇక అక్కడ నిలబడలేక వెళ్లిపోయాడు.

పక్కనే గొలుసు బిగిస్తున్న హాబీర్ మామ ఉమ్మేసి, "తువ్వాలు చూసి పందెం నడపడానికి ఇదేమన్నా స్నానాలగదా?" అన్నాడు.

బయలుదేరే గీత దగ్గర అడ్డంగా కట్టిన పట్టీ పైకి లేచింది. నాలుగు బండ్లు ఒక్కసారిగా ముందుకు దూకాయి. లోపలి గీత మీద ఉన్న ల్యోన్యా అర చక్రం ముందున్నాడు. జిన్నూర్ అతనితో పోట్లాడలేదు. అందరూ లోపలికి ఒరుసుకుంటుంటే తాను బయటికి, కంచె పక్కకు వెళ్లాడు. బండ్లు చిమ్మిన బూడిదంతా అక్కడ పేరుకుని ఉంటుంది. అందులో చక్రం కరుచుకుంటే కరుచుకున్నట్టు, లేకపోతే కంచెలోకి పోయినట్టు. కరుచుకుంది. రెండో మలుపు దాటేసరికి అతని ముందు ఎవరూ లేరు.

మూడో చుట్టు మొదలైంది. నిటారు దారిలోకి వస్తూ సవేలిచ్ ఎక్కడున్నాడా అని చూశాడు. కంచె పక్కనే ఉన్నాడు. తువ్వాలు చేతిలోనే ఉంది. జిన్నూర్ దగ్గరకు రాగానే సవేలిచ్ ఆ తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం మొదలెట్టాడు. మెడ తుడుచుకున్నాడు, చెవులు తుడుచుకున్నాడు. ఊపలేదు.

లోపలివైపున ల్యోన్యా ముందు చక్రం కనిపించింది. వాడు దారి వస్తుందనే నమ్మకంతో తోసుకొచ్చేశాడు. జిన్నూర్ మోచేయి వాడి మోచేతికి తగిలింది. కాస్త సడలిస్తే చాలు, పని అయిపోతుంది. జిన్నూర్ యాక్సిలరేటరును చివరిదాకా తిప్పి, వెనక చక్రాన్ని ఇంకా బయటికి జార్చాడు. బూడిద చిమ్మి ల్యోన్యా కళ్లద్దాల మీద పడింది. ఆ తర్వాత చుట్టున్నర ఒంటరిగా తిరిగినట్టే తిరిగాడు. పందెం ముగిసిందని నలుపు తెలుపు గళ్ల జెండా ఊపినప్పుడు ల్యోన్యా మూడు బండ్ల దూరం వెనక ఉన్నాడు.

స్టేడియం లేచి నిలబడింది. ఇళ్ల కప్పుల మీద వాళ్లు రేకులు వాయించారు.

జిన్నూర్ బండి దిగి కూర్చుని, ఫగీలా పంపిన మాంసపు రొట్టె ఒక చేత్తో, టీ కప్పు ఒక చేత్తో పట్టుకున్నాడు. అప్పుడే మైకు గరగరలాడింది.

"ప్రేక్షకులకు గమనిక. చేతికి గాయమైన కారణంగా జిన్నూర్ ఇష్‌బులాతొవ్ స్వీడన్‌లో జరిగే ఫైనల్ పోటీ నుంచి తప్పుకుంటున్నాడు. అతని స్థానంలో లియొనీద్ కొసారెవ్ వెళతాడు."

జనం గోల ఒక్కసారిగా సద్దుమణిగింది. తర్వాత తేనెతుట్టె కదిలినట్టు గొణుగుడు మొదలైంది.

హాబీర్ మామ అతని చేతుల వైపు చూశాడు. "ఏ చెయ్యిరా?"

జిన్నూర్ రొట్టె ఉన్న చెయ్యి చూసుకున్నాడు, కప్పు ఉన్న చెయ్యి చూసుకున్నాడు. "అది చెప్పలేదు మామా."

రొట్టెలో మిగిలిన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తీరిగ్గా నమిలి మింగాడు. కప్పు కింద పెట్టాడు. "ట్యాంకు నింపు," అన్నాడు.

"ఎందుకురా? పందేలు అయిపోయాయి."

"నాది అవలేదు."

ముసలాయన నాలుగు చుట్లకు సరిపడా స్పిరిట్ పోసి, వెనక నుంచి బండిని తోశాడు. ఇంజను అందుకుంది. మైదానంలోకి వెళ్లే గేటు దగ్గర బురావిన్ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆపు! వెంటనే ఆపు!" మొదటిసారి అతని గొంతు పెరిగింది.

"దీనికి బ్రేకు ఉండదు కామ్రేడ్! తప్పుకోండి!"

బురావిన్ తప్పుకున్నాడు. చిమ్మిన బూడిదకు అతని మంచి ప్యాంటు మోకాళ్లదాకా నల్లబడింది.

జనానికి మొదట అర్థం కాలేదు. ఖాళీ దారిలో ఒక్క బండి, ఒక్క మనిషి. సరదాగా తిరగడం లేదు. పక్కన ముగ్గురు తరుముతున్నట్టే ప్రతి మలుపునూ కోస్తున్నాడు. మొదటి చుట్టు చివర, ఎదురుగా జనం కూర్చున్న మెట్ల ముందు, ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్లు విప్పి చూపించాడు. ముందుగా ఒక ఆడగొంతు నవ్వింది. తర్వాత ఆ మెట్లన్నీ ఒక్కసారే హోరెత్తాయి. రెండో చుట్టులో అవతలి మెట్లవాళ్లకు చూపించాడు. మూడో చుట్టులో జనం చప్పట్లు ఒకే లయలో పడుతున్నాయి.

కుడి చెయ్యి మిగిలింది. గాయం ఎడమ చేతికని వాళ్లు చెప్పలేదు కదా! యాక్సిలరేటరు తిప్పేది ఆ చెయ్యే. అది తీస్తే ఇంజను గుంజడం మానేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. జిన్నూర్ చివరి గీత దాకా ఆగాడు. గీత దాటగానే ఎడమ చేత్తో హ్యాండిల్ బిగించి కుడి చెయ్యి నిటారుగా ఎత్తాడు. బండి పాములా ఊగింది. పడలేదు. చప్పుడు తగ్గించుకుంటూ, ఊగుతూ ఊగుతూ గేటు దాకా వచ్చి, స్పిరిట్ అయిపోయి ఆగింది.

మైకు ఏమీ అనలేదు. గుంపులోంచి ఎవరో అరిచారు. "గాయం మైకుకే తగిలినట్టుంది!"

బురావిన్ ముఖం పాలిపోయింది. గొంతు మాత్రం మళ్లీ తగ్గింది. "నువ్వు వెళ్లడం లేదు. వచ్చే ఏడు కూడా వెళ్లవు. ఆ పై ఏడూ వెళ్లవు. నువ్వెక్కడా ఉండవు."

జిన్నూర్ చేతి తొడుగులు ఒక్కొక్క వేలూ లాగి తీశాడు. అతనికి తెలుసు, బురావిన్ అన్నది జరుగుతుంది. ముప్పై నాలుగేళ్లకు ఆ మాట అంటే ఇక ఎప్పటికీ అన్నట్టే.

"రాసుకోండి. ఈసారి మాత్రం కాలు అని రాయండి. చేతులు జనం చూసేశారు."

బురావిన్ తన మనుషుల వైపు నాలుగడుగులు వేశాడు. అంతలో ల్యోన్యా వచ్చాడు. హెల్మెట్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ముఖమంతా బూడిద, కళ్ల చుట్టూ మాత్రం తెల్లటి వలయాలు.

"అన్నా, నేనడగలేదు."

"తెలుసురా."

"వెళ్లనని చెప్పేయనా?"

"చెబితే నిన్నూ ఆపేస్తారు. ఇద్దరం ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటామా? వెళ్లు. రెండో మలుపులో నువ్వు తొందరగా సడలిస్తున్నావు. ఇంకో అంకె లెక్కపెట్టేదాకా ఆగు, అప్పుడు సడలించు. లేకపోతే ఆ స్వీడన్ వాళ్లు నిన్ను నమిలేస్తారు."

"సరే అన్నా."

"ఇంకొకటి. అక్కడ ఎవరో ఒకరు నా గురించి అడుగుతారు. అడిగితే ఏం చెబుతావు?"

ల్యోన్యా నోరు తెరిచాడు. బురావిన్ నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. వాడి చూపు అటు వెళ్లి వచ్చింది. "చెయ్యి..." అని ఆగాడు.

హాబీర్ మామ పాత గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న గొలుసును ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"చెయ్యి బాగానే ఉందని చెబుతాను," అన్నాడు ల్యోన్యా.

"వినబడలేదు."

"నీ చెయ్యి బాగానే ఉందని చెబుతాను!" ఈసారి గొంతు చీలిపోయేంత గట్టిగా అన్నాడు. బురావిన్ వెనక్కి తిరిగాడు. అతని పక్కనున్న ఇద్దరూ తిరిగారు. ల్యోన్యా చెవులు ఎర్రబడ్డాయి. కానీ చూపు దించలేదు. "రెండు చేతులూ బాగున్నాయని చెబుతాను! మా ఊరి స్టేడియమంతా చూసిందని చెబుతాను!"