చిటికెడు ఇంగువ

చెన్నమ్మకు గోధుమలంటే మొదటినుంచీ చులకనే. చక్కెర జబ్బొచ్చి నోరు కట్టుకున్నవాళ్ళు గతిలేక తినే తిండి అది అని ఆమె లెక్క. జమ్మలమడుగు దగ్గర పల్లెలో రాగిసంగటి, జొన్నరొట్టె తిని పెరిగిన మనిషి. అందుకే హైదరాబాదు నుంచి కూతురు రత్నమాల ఫోన్ చేసి, "అమ్మా, గోధుమ నాకు విషం మాదిరంట. మూడు నెలలు రవ్వంత కూడా తగలకుండా తినల్ల. నువ్వొచ్చి వండిపెడతావా?" అని అడిగితే ఆమెకు భయం వేయలేదు, నవ్వొచ్చింది.

"ఇంతేనా? మన ఇండ్లల్లో గోధుమ యాడుండాది పాపా? రేపే బస్సెక్కుతా" అంది.

రత్నమాల, ఆమె భర్త ఓబులేసు నానక్‌రామ్‌గూడలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవారు. ఓబులేసు మాదాపూర్ వైపు లేస్తున్న కొత్త బిల్డింగుల దగ్గర సూపర్‌వైజరు. రత్నమాలది అత్తగారి ఊళ్ళో ఎవరికీ అర్థంకాని ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల సంగతులు మాట్లాడి పంపిస్తే, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ నొక్కి ఆ మాటల్ని ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, కంప్యూటర్లో టైపు చేయడం. ఎంత నసిగే డాక్టరైనా రత్నమాల చెవిని తప్పించుకోలేడని ఆఫీసులో పేరు.

పేరైతే వచ్చింది గానీ తిన్నది ఒంటబట్టేది కాదు. కడుపు ఉబ్బరం, విరేచనాలు, నెత్తురు లేక కళ్ళు తిరగడం. చూసిన డాక్టర్లలో ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు గ్యాసన్నారు, ఒక మహానుభావుడు పిల్లలు లేని దిగులన్నాడు. ఇలా ఏడాది గడిచాక ఒకరోజు హెడ్‌ఫోన్లలో ఎవరో అమెరికా ఆడమనిషి జబ్బు గురించి వింటూ రత్నమాల టైపు చేయడం ఆపేసింది. వయసు తనదే. బాధలన్నీ తనవే. ఆ జబ్బు పేరు సీలియాక్ అట. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే జిగురు ఆ మనుషుల పేగుల లోపలి పొరను పాడుచేస్తుందట. బతికినంతకాలం వాటిని మానుకోవడం తప్ప వేరే మందు లేదట. ముక్కూ ముఖం తెలియని మనిషి రోగం టైపు చేస్తూ తన రోగాన్ని తాను కనిపెట్టుకుంది పిచ్చిపిల్ల. ఆ సాయంత్రం ఇంటికి మిఠాయి తీసుకెళ్ళింది.

పెద్ద ఆసుపత్రిలో పేగుల డాక్టరు ఆమె చెప్పింది విని నవ్వాడు. "అది తెల్లవాళ్ళ జబ్బమ్మా. అన్నం తినేవాళ్ళం, మనకెందుకొస్తుంది?"

"పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ, ఆఫీసులో బిస్కెట్లు. అవి కూడా తింటున్నా కదండీ" అంది రత్నమాల.

ఆయన నవ్వు తగ్గించి గొట్టం వేసి చూశాడు, లోపలినుంచి ముక్క తీసి పరీక్షకు పంపాడు. పేగు పొర అరిగిపోయిన మాట నిజమే, అది ఈ జబ్బువల్లా కావొచ్చు, పేగుల టీబీవల్లా కావొచ్చు అన్నాడు. "మూడు నెలలు గోధుమ పూర్తిగా మానేసి రండి. మీరు చెప్పిన జబ్బే అయితే తేరుకుంటారు. తేరుకోకపోతే టీబీ కిందే లెక్క. ఆ మందులు మొదలుపెడదాం."

అదీ చెన్నమ్మకు కూతురు అప్పగించిన పని. ఆమె రాగిపిండి, జొన్నలు, కొర్రలు మూటగట్టుకుని దిగింది. దిగిన పూటే చపాతీల పీట, కర్ర, రవ్వ డబ్బా, మైదా డబ్బా ఇంటి ఓనరమ్మకు ఇచ్చేసింది. గిన్నెలన్నీ బూడిదతో తోమి ఎండలో బోర్లించింది. "అత్తా, నేను బయట పరోటా తినొస్తే గడపలోకి రానిస్తావా?" అని ఓబులేసు ఆటపట్టించాడు. "నోరు కడుక్కోనొస్తే రానిస్తా నాయనా" అందామె, నవ్వకుండా.

ప్రొద్దుటూరులో దగ్గరి బంధువుల పెళ్ళికి వెళ్ళాల్సొస్తే తల్లీకూతుళ్ళు నాలుగు గిన్నెల క్యారియర్ మోసుకుపోయారు. దారిలో బస్సాగితే అందరూ పూరీలు తింటుంటే రత్నమాల కిటికీ పక్కన కూర్చుని చల్లారిన సంగటి తిన్నది. పెళ్ళివారికి కోపమొచ్చింది. "మా ఇంటి కూడు కూడు గాదా?" అని పెళ్ళికొడుకు మేనత్త నిలదీసింది. విస్తట్లో వడ్డించిన మైదా భక్ష్యాన్ని రత్నమాల కాసేపు చూసి పక్కన కూర్చున్న పిల్లకు ఇచ్చేసింది. "మాకు మా బిడ్డ కావల్ల, మీ భక్ష్యాలు గాదు" అని చెన్నమ్మ అందరి ముందూ అనేసింది. ఆ తర్వాత ఆ ఇంటితో మాటల్లేవు.

ఒక్క ఇంగువ దగ్గర మాత్రం చెన్నమ్మ చెయ్యి ధారాళం. చారులో, పప్పులో, పచ్చడి తిరగమోతలో, అన్నింట్లో ఇంగువ పడాల్సిందే. కడుపు ఉబ్బితే ఇంగువ వేసిన మజ్జిగ, నొస్తే ఇంగువ వేయించిన నెయ్యితో ముద్ద. ఆమె తల్లి ఆమెకు చేసిందీ, ఆమె పిల్లలకు చేసిందీ అదే. వీధి చివర నర్సింహ కిరాణా కొట్లో పెద్ద ముద్దనుంచి కోసి కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. "మా ఊళ్ళో ఇంగువ కట్టిన గుడ్డకున్నంత వాసన గూడా దీనికి లేదు" అని ప్రతిసారీ కొట్లాడేది. వాసన చాలదని రెండింతలు వేసేది.

మొదటి వారాల్లో రత్నమాల ముఖం కొంచెం తేటపడింది. చెన్నమ్మ ఊరికి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకుంది. తర్వాత కడుపు మళ్ళీ ఉబ్బడం మొదలైంది. ఉబ్బినకొద్దీ తల్లి మజ్జిగలో ఇంగువ పెంచింది. పెంచినకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. రత్నమాల కర్రకు చీర చుట్టినట్టు అయిపోయింది.

"ఆఫీసులో ఏమన్నా తింటాండావా? నిజం చెప్పు" అని ఓబులేసు అడిగాడు.

"నీమీద ఒట్టు. మంచినీళ్ళు గూడా ఇంటివే తాగుతాండా."

అతను నమ్మలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానీ, చెన్నమ్మా నమ్మలేదు. కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె సంచి దులిపి, బిస్కెట్ పొడి రాలుతుందేమోనని చూసింది. ఏమీ రాలలేదు.

మూడు నెలలు నిండాయి. డాక్టరు ఆమెను బరువు చూసే యంత్రం ఎక్కించి తల అడ్డంగా ఊపాడు. గోధుమ మానినా తగ్గలేదంటే ఇక అనుమానం లేదు, టీబీయే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో రత్నమాల తన్ను తానే ఎగతాళి చేసుకుంది. "ఎవరిదో రోగం విని నాదనుకున్యా. డాక్టర్లకు తెల్వనిది నాకు తెలిసినట్టు. అందరితో ఎంత పోట్లాడినామమ్మా, ఉత్తపుణ్యానికి." ఆ మాట చెన్నమ్మ గుండెల్లో గుచ్చుకుంది.

ఎర్రటి మాత్రలు మొదలయ్యాయి. బలమున్నవాళ్ళు తట్టుకుంటారేమో, ఆ ఎముకల గూటికి అంత శక్తి ఎక్కడిది? కొన్ని వారాలకే కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళు పచ్చబడింది. ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు ఆపేశారు. వాటివల్ల పాడైన కాలేయం మాత్రం బాగుపడలేదు. ఒకనాటి పొద్దున డాక్టరు ఓబులేసు భుజంమీద చెయ్యివేసి, "ఆమె ఏదడిగితే అది పెట్టండి. పథ్యాలేం వద్దు" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో తెలియని ఇల్లు మన దేశంలో లేదు. ఓబులేసు వరండాలోకి వెళ్ళి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

చెన్నమ్మ కూతురి నుదుటిమీద చెయ్యివేసి ఏం తింటావని అడిగింది.

"నీ ఇంగువ చారు. రెండు ముద్దలు, అంతే" అంది రత్నమాల.

ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో ఇంగువ అయిపోయింది. నర్సింహ కొట్టుకు పరిగెత్తింది. అతను కోసిచ్చిన ముక్కను ముక్కు దగ్గర పెట్టుకునేసరికి ఇన్నాళ్ళ దుఃఖమంతా కోపమై అతనిమీద పడింది.

"ఇది ఇంగువనా, మట్టా? సావుబతుకుల్లో ఉన్న బిడ్డకప్పా, దానికి గూడా కల్తీ సరుకేనా?"

నర్సింహ నొచ్చుకున్నాడు. "కల్తీ ఏంది తల్లీ? అసలు ఇంగువ గోరంత నాకినా నోరు మండుతది, ఎవ్వలు తింటరు? గోధుమపిండి, జిగురు కలిపే ముద్ద జేస్తరు. నా దుకాణంల ఒక్కతాన కాదు, యాడ తీస్కున్నా గిట్లనే ఉంటది. ముద్దల ఇంగువ జరంత, పిండే జాస్తి."

"ఏం పిండి?" అంది చెన్నమ్మ.

"గోధుమపిండి. ఏందమ్మా, ఏమైంది? జర కూసోండ్రి."

ఆమె కూర్చోలేదు. ఇంగువ ముక్క అక్కడే బల్లమీద వదిలి ఇంటికి నడిచింది. చారు కాచింది. చేతులకు అలవాటైన పని గనుక కాచింది. ఆవాలు, మిరియాలు, కరివేపాకు వేసింది, అంతే.

ఆసుపత్రి మెట్లమీద డాక్టరు ఎదురైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంగువలోని గోధుమపిండివల్లేనా ఇదంతా అని అడిగింది. చిటికెడు చిటికెడు, పూటపూటా, రెండింతలు అని చెప్పింది. "అయ్యుండొచ్చమ్మా. నేను కూడా ఇంగువ గురించి అనుకోలేదు. ఇప్పుడు కాలేయం పోయింది. తెలిసినా చేసేదేం లేదు" అన్నాడు.

చేసేదేం లేనప్పుడు చెప్పడమెందుకు? టీబీ అనుకునే పోనీ, తల్లి చేతి తిండి చంపిందని తెలిసి పోవడమెందుకు? మంచం దాకా చెన్నమ్మ అదే అనుకుంటూ నడిచింది. కూతురి తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో చారన్నం నోటికందించింది.

రత్నమాల మెల్లగా మింగింది. "ఇంగువ వేయలేదేంటికి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కొట్టు మూసుందని చెప్తే సరిపోయేది. కానీ ఆటోలో కూతురు తన్ను తాను వెక్కిరించుకున్న మాటలు చెవుల్లో మోగాయి.

"దాంట్లో గోధుమపిండి ఉండాదంట పాపా" అంది చెన్నమ్మ. "నాకు తెలీదు. పూటపూటా నేనే పెట్టినా. నీ కడుపులోకి నా చేతులతో నేనే పోసినా."

రత్నమాల పసుపుపచ్చని కళ్ళతో తల్లిని చూసింది. తిడుతుందని, ముఖం తిప్పుకుంటుందని చెన్నమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండుననిపించింది.

"అయితే నాది ఆ రోగమేగదమ్మా" అంది రత్నమాల. "నేను కనిపెట్టిందే నిజం."

"నిజమే తల్లీ. నువ్వు చెప్పిందే నిజం."

"నీ అల్లునికి చెప్పు. ఆఫీసులో నేనేం తినలేదని చెప్పు."

చెన్నమ్మ తలూపింది. రత్నమాల ఇంకో ముద్దకు నోరు తెరిచింది. తర్వాత ఇంకొకటి. గిన్నెలో సగం తిని నిద్రపోయింది.

ఆసుపత్రిలో చేరినప్పటినుంచీ ఏం తిన్నా కాసేపటికే కక్కడం అలవాటు గనుక చెన్నమ్మ బేసిను ఒళ్ళో పెట్టుకుని సాయంత్రందాకా మంచం పక్కనే కూర్చుంది. ఆ పూట తిన్నది కడుపులోనే నిలిచింది, దాని అవసరం రాలేదు.